రొయ్య శ్వాస మీద ధ్యాస

అయ్యా, మా డెల్టాకి ఈమధ్య ఒక ముప్పు వచ్చిపడింది. వరద కాదు, వరదైతే ముందే తెలుస్తుంది, ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులంటే ఒకటో ప్రమాద హెచ్చరిక, 13.75 అంటే రెండోది, 17.75 అంటే మూడోది, ఈలోపు లంకల్లో జనం గేదెల్ని గట్టెక్కించేసుకుంటారు. దీనికి అలాంటి హెచ్చరికేం లేదు. మా బావ పదిరోజులు విపశ్యన ధ్యానానికి వెళ్ళొచ్చాడు.

వెళ్ళకముందు మామూలు మనిషే. ఒక రొయ్యల చెరువు, మూడెకరాల కౌలు చేను, ఒక కథ. కథంటే 1996 నవంబర్ తుఫాను కథ, కోనసీమలో రేషన్ కార్డులాగ ఇంటికొకటి ఉంటుంది. మా బావ కథలో మొదట్లో నలభై కొబ్బరిచెట్లు పడ్డాయి, మొన్న సంక్రాంతికి చెప్పినప్పుడు నూట పన్నెండు. ఎవరం అడ్డు చెప్పం, పడిపోయిన చెట్టయితే మాత్రం కాపు మానేయాలా ఏంటి.

అలాంటి మనిషి తిరిగొచ్చి అరుగు మీద కూర్చుని, టీ కూడా అడక్కుండా, "ఆశే దుఃఖానికి మూలం రా. మన కథ అనుకుంటామే, అది కూడా మనం కాదు, ఊరికే వచ్చి పోయే ఆలోచన" అన్నాడు. లోపల్నించి మా అక్క "చెరువు కరెంటు బిల్లు కూడా వచ్చి పోయేదేనాండీ, వచ్చింది, ఇంకా పోలేదు" అంది. బావ కళ్ళు మూసుకుని ఆ మాటని గమనించాడు.

అక్కడ పొద్దున్నే నాలుగింటికి గంట కొడతారంట. ఫోన్ లేదు, మాట లేదు, మొదటి మూడ్రోజులూ ముక్కు దగ్గర గాలి వస్తోందా పోతోందా చూసుకోవడమే, సాయంత్రం ఐదింటికి టీ, మరమరాలు. పదోరోజు మౌనం తీసేశాక ఎలా ఉంది బావా అంటే, బ్యారేజీ 175 గేట్లూ ఒకేసారి ఎత్తినట్టుంది అన్నాడు, అందరూ ఎవడి కథ వాడు ఎత్తుకున్నార్ట, అది మాత్రం నేను నమ్ముతాను.

నాకు ధ్యానం మీద కోపం లేదండీ, ఈ ఆశ వదిలేయడం మీదే నా అభ్యంతరం. దీన్ని ఇండియాకి మళ్ళీ తీసుకొచ్చిన గోయెంకా గారే 1955లో బర్మాలో ఊ బా ఖిన్ గారి దగ్గరికి ఎందుకెళ్ళారు? మైగ్రేన్ తగ్గుతుందేమోనని. తలనొప్పి కోసమైతే ఇది నేర్చుకోవద్దన్నారు గురువుగారు, అంటే ముందు ఆశపడ్డాకే కదా వద్దనిపించుకోవడం కూడా. మా బావ మాత్రం ఎందుకెళ్ళాడు, బీపీ తగ్గుతుందనేగా.

పైగా ఇది డెల్టా. కాటన్ దొర 1847లో గోదారి ఒడ్డున కూర్చుని "నీరు వస్తోంది, పోతోంది, ఊరికే గమనిస్తున్నాను" అనుకునుంటే 1852కి ఆనకట్ట ఉండేదా, ఊరూరా ఆయన బొమ్మకి దండేసే పని మనకుండేదా? కౌలు రైతు సంగతి చూడండి, నాటు వెయ్యకముందే పండబోయే బస్తాలు ఇన్నిస్తానని ఒప్పుకుంటాడు, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని వెక్కిరిస్తాం గానీ ఆ సోమలింగమే లేకపోతే ఇక్కడ ఎకరం కూడా సాగవదు. ఇక రొయ్యల రైతయితే, వంద కౌంట్ మీద, అంటే కిలోకి వంద రొయ్యలు తూగేటప్పుడు, కొనేవాడొచ్చినా "ఇంకో పదిరోజులు ఆగితే ఎనభైకి వస్తుంది" అని ఆగుతాడు, ఆ పదిరోజులు కూర్చోవడం ముందు మా బావ పదిరోజులు ఏపాటి? కాబట్టి నా డిమాండ్ ఏంటంటే, డెల్టాలో ఎవరైనా ఆశ వదులుకోదలిస్తే ముందు నీటి సంఘం నుంచి ఎన్వోసీ తెచ్చుకోవాలి.

ఇదంతా రాసుకుని బావకి చదివి వినిపిద్దామని మొన్న తెల్లారుజామున చెరువుకి వెళ్ళాను. నాలుగవుతోంది. చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది కూడా సరిగ్గా ఆ టైముకే, అందుకే మా వైపు గట్ల మీద ఆ వేళకి గంట కొట్టకుండానే అందరూ లేచుంటారు. బావ గోనెసంచి మీద పద్మాసనంలో ఉన్నాడు, నీళ్ళు చిలికి గాలి ఎక్కించే ఏరేటర్లు తిరుగుతున్నాయి, నిజం చెప్పొద్దూ, ముఖం ప్రశాంతంగానే ఉంది. అంతలో కరెంటు పోయింది. ఆ చప్పుడు ఆగిన రెండో సెకనుకి గోనెసంచి ఖాళీ, లుంగీ ఎగ్గట్టి జనరేటర్ దగ్గర బావ, మూడో లాగుడికి స్టార్టయింది, మళ్ళీ నీళ్ళు కొట్టుకోవడం మొదలెట్టాయి. నేను టార్చ్ వేసి చూస్తే ఒక్క రొయ్య కూడా తేలలేదు.

కాసేపటికి చెక్ ట్రే పైకి లాగాడు. మేత మొత్తం తినేస్తే రొయ్య బాగున్నట్టు, మిగిలితే తేడా ఉన్నట్టు. ట్రే అడుగున చిటికెడు మిగిలి ఉంది, వేలితో తీసి రుద్ది, వాసన చూసి, మళ్ళీ చూశాడు.

"ఆశ వదిలేశానన్నావు కదా బావా" అన్నాను.

"టార్చ్ సరిగ్గా పట్టరా" అన్నాడు.