ట్రాన్స్‌ఫార్మర్‌కి పిల్లల పార్కే దొరికిందా?

ఇప్పుడే మా కాలనీ గ్రూపులో మెసేజ్ చూశాను. పార్కులో కొత్తగా 315 కేవీఏ సామర్థ్యం ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ పెడుతున్నారట, అభ్యంతరం ఉన్నవాళ్ళు రేపు సాయంత్రంలోగా చెప్పాలట. దాని కింద వరుసగా బొటనవేళ్ళు. "నాకు అభ్యంతరం ఉంది" అని రాశాను. సెక్రటరీ గారి జవాబు: "మీరు అద్దెకుంటున్నారు కదమ్మా, మీ ఓనర్ గారితో చెప్పించండి."

మా ఓనర్ గారు డాలస్‌లో ఉంటారు. ఆ పార్కులో ఆయన పిల్లలు ఆడరు, మా పాప ఆడుతుంది. అభ్యంతరం మాత్రం డాలస్ నుంచి రావాలి!

ఆ పార్కు మొత్తం కలిపి మూడు వందల గజాలు ఉంటుందేమో. హైదరాబాద్‌లో ఇలాంటి చిన్న చిన్న పార్కులకు పట్టే గతి మీ అందరికీ తెలుసు. మొదట ఒక మూల బోరు వేసి మోటారు గది కట్టారు. తర్వాత ఇంకో మూల అసోసియేషన్ ఆఫీసు అని రేకుల గది లేచింది, అందులో ఉండేది కుర్చీలూ షామియానాలూ. ఇక మిగిలింది రెండు వేపచెట్లు, ఒక జారుడుబల్ల, రెండు ఉయ్యాలలు. ఇప్పుడు ట్రాన్స్‌ఫార్మర్, దాని దిమ్మె, చుట్టూ కంచె వస్తే పిల్లలు పరిగెత్తడానికి ఏం మిగులుతుంది? "మూలకే కదా" అంటున్నారు. ఇప్పటిదాకా వచ్చినవన్నీ మూలకే వచ్చాయి. పార్కుకి ఉన్నవి నాలుగే మూలలు.

కరెంటు వద్దని నేను అనడం లేదు. పోయిన మే నెలలో రాత్రిళ్ళు ఫ్యూజు పోయి మేమూ డాబా మీదే పడుకున్నాం. అయితే ఆ లోడు ఎక్కడి నుంచి వచ్చింది? ఒక కుటుంబం ఉండే ఇల్లు కూల్చి అదే జాగాలో ఐదంతస్తులు లేపితే వచ్చింది. ఒకటిన్నర టన్ను ఏసీ ఒక్కటే దాదాపు ఒకటిన్నర కిలోవాట్ లాగుతుంది. ఇరవై ఫ్లాట్లలో రెండేసి ఏసీలు ఒకేసారి వేస్తే అదే 60 కిలోవాట్లు. ఇప్పుడు కార్ల చార్జింగ్ కూడా తోడైంది. పెద్ద అపార్ట్‌మెంట్ కట్టేవాడు ట్రాన్స్‌ఫార్మర్‌కి తన ఆవరణలోనే చోటు చూపించాలి. మా వీధి చివర బిల్డర్ ఆ చోటుని కార్ పార్కింగ్ కింద అమ్ముకున్నాడు. లాభం ఆయన తీసుకుంటే జాగా మా పిల్లలు ఇవ్వాలా?

పోనీ ఇక్కడ పెడితే సమస్య తీరుతుందా అంటే అదీ లేదు. పార్కు కాలనీకి ఒక చివర, అపార్ట్‌మెంట్లన్నీ ఇంకో చివర. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వైరు ఎంత దూరం పోతే అంత వోల్టేజీ పడిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కి కరెంటు తెచ్చే 11 కేవీ లైను మెయిన్ రోడ్డు మీదే ఉంది. లోడు ఉన్న దగ్గరే రోడ్డు పక్కన స్తంభాల మీద 100 కేవీఏవి రెండు పెడితే చివరి ఇళ్ళకీ సరిగ్గా అందుతుంది. ఈ మాట మా కాలనీలోనే ఉండే రిటైరైన లైన్‌మన్ అన్న చెప్పాడు. ఆయన్ని అడిగిన వాళ్ళు లేరు. ఆయనా అద్దెకే ఉంటాడు!

ఇక ప్రమాదం సంగతి. పదకొండు వేల వోల్టులు. బంతి కంచె లోపల పడితే పిల్లాడు ఆగుతాడా? మన ఊళ్ళో ట్రాన్స్‌ఫార్మర్ల కంచెలు ఎలా ఉంటాయో చూడని వాళ్ళున్నారా? తలుపు ఊడిపోయి, చుట్టూ చెత్త, వానొస్తే మోకాలి లోతు నీళ్ళు. పెట్టిన రోజు తాళం ఉంటుంది. రెండేళ్ళ తర్వాత దాన్ని చూసేదెవరు?

పార్కు జాగా కమిటీ సొంత ఆస్తి కాదు. పార్కులు, ఆటస్థలాలను కాపాడటానికి ఉమ్మడి రాష్ట్రంలో 1985లోనే చట్టం చేశారు. బెంగళూరులో పార్కుకి వదిలిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇస్తే 1991లో సుప్రీంకోర్టు చెల్లదని చెప్పింది. అది ఆసుపత్రి! అయినా ఒప్పుకోలేదు. 2024లో ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక పార్కుల కబ్జాల మీద మా గ్రూపులో ఎన్ని వీడియోలు తిప్పారో లెక్కలేదు. పక్క కాలనీ పార్కు పోతే అన్యాయం, మన పార్కు పోతే అభివృద్ధి.

అసలు నాకు మంట ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఆగడం లేదు. వినాయక చవితి చందాకి మేము కాలనీ వాళ్ళమే. ట్యాంకర్ డబ్బులకీ, మెయింటెనెన్స్‌కీ కాలనీ వాళ్ళమే. నోరు తెరిస్తే మాత్రం "అద్దెకున్నవాళ్ళు". ఆ వేపచెట్లకి వేసవంతా బకెట్లతో నీళ్ళు పోసిన తాతగారు కూడా అద్దె ఇంట్లోనే ఉండేవారు.

అంతకంటే గుండెల్లో గుచ్చుకునేది ఇంకోటుంది. వాచ్‌మన్ పిల్లలు ఉయ్యాల ఎక్కితే దింపేసిన కమిటీ ఇది. నా కళ్ళతో చూశాను. ఆరేళ్ళ పిల్ల, ఏడుస్తూ దిగింది. సెల్లార్‌లో జనరేటర్ పక్కన ఒకే గదిలో ఉంటారు వాళ్ళు. ఆ పిల్లకి మట్టి, చెట్టు, ఆకాశం ఉన్నది ఆ పార్కులోనే. ఆ అమ్మ గ్రూపులో లేదు, ఆమెకి ఓటూ లేదు. బొటనవేలు పెట్టిన వాళ్ళలో ఎంతమంది ఆ పార్కులో అడుగు పెడతారు?

ఆదివారం మీటింగ్‌కి నేను వస్తున్నాను. ఆ అమ్మనీ, లైన్‌మన్ అన్ననీ వెంటబెట్టుకుని వస్తాను. కరెంటు ఆఫీసుకి కాలనీ పేరు మీద ఇచ్చిన లెటర్ వెనక్కి తీసుకోవాలి, రోడ్డు పక్క చోటు చూపిస్తూ కొత్త లెటర్ ఇవ్వాలి. లేదంటే మున్సిపల్ ఆఫీసుకి లేఅవుట్ కాపీ పట్టుకుని నేనే వెళ్తాను. మీ కాలనీల్లో ఇలాంటిది ఆపిన వాళ్ళుంటే, ఎవరికి రాశారో, ఏ కాగితాలు పెట్టారో కామెంట్‌లో చెప్పండి. ఆదివారంలోపు కావాలి.