కెమెరా పడిపోతే కొత్తది కొనమనే ముందు ఒకసారి విప్పి చూడాలి

కెమెరా కింద పడిందని చెప్పగానే ఎదుటివారి నోట మొదట వచ్చే మాట ‘కొత్తది కొనుక్కోరాదూ’ అన్నదే. ఏ భాగం దెబ్బతిన్నదో తెలుసుకోకుండా ఇచ్చే ఈ సలహా వల్ల ఇంకా ఎన్నో ఏళ్లు పనిచేయగల కెమెరాలు చెత్తలోకి పోతున్నాయని నా బాధ.

రెండేళ్ల క్రితం నా కెమెరా ట్రైపాడ్‌తో సహా ఒరిగి నేల మీద పడింది. జూమ్ సగంలో బిగుసుకుపోయి, తెర మీద లెన్స్ ఎర్రర్ కనిపించింది. మొదట చూపించిన సర్వీసు సెంటరులో దాన్ని విప్పకుండానే, అటూ ఇటూ తిప్పి చూసి, మరమ్మతు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటుతుంది కాబట్టి గిట్టుబాటు కాదని తేల్చేశారు. నాకు మనసొప్పక మరో మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన నా కళ్లముందే లెన్స్ విప్పి, ఉల్లిపొరలా పలుచగా, గోధుమరంగులో ఉన్న ఫ్లెక్స్ కేబుల్‌ను, అంటే విద్యుత్ సంకేతాలను మోసే వంగే పట్టీని, ట్వీజర్‌తో పైకెత్తి వెలుతురులో పట్టుకున్నారు. మడత పడే చోట వెంట్రుకవాసి చీలిక ఉంది. ఆ ఒక్క పట్టీ మార్చాక ఆ కెమెరా ఈనాటికీ చక్కగా పనిచేస్తోంది.

‘ఖర్చు సగం ధర దాటితే మార్చెయ్యాలి’ అనే లెక్క చెప్పడానికి సులువుగా ఉంటుంది కానీ, పోయింది అరిగిపోయే భాగమా, కెమెరాకు ప్రాణమైన భాగమా అన్న ప్రశ్నను అది అసలు పట్టించుకోదు. ఫొటో తీసిన ప్రతిసారీ తెరుచుకుని మూసుకునే షట్టర్‌నే తీసుకుంటే, అది టైరులాగా అరగడానికే ఉన్న వస్తువు. ప్రాథమిక స్థాయి డీఎస్ఎల్ఆర్‌లు (లోపల అద్దం ఉండి, లెన్స్ మార్చుకోగల కెమెరాలు) చాలావాటిలో అది సుమారు 1,00,000 క్లిక్‌లకూ, వృత్తి ఛాయాగ్రాహకుల కోసం చేసిన వాటిలో 2,00,000 నుంచి 5,00,000 క్లిక్‌లకూ తట్టుకునేలా పరీక్షిస్తారు. అది పోయిందని, బొమ్మను పట్టే సెన్సర్, సర్క్యూట్ బోర్డు బాగున్న కెమెరాను వదిలేయడం ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడమే. లెన్స్ ముందున్న ఫిల్టర్ పగిలినప్పుడు చూడటానికి ఎంత భయంకరంగా ఉన్నా, చాలాసార్లు దాని వెనుక ఉన్న అసలు అద్దానికి గీత కూడా పడదు.

ఉప్పునీరు మాత్రం వేరే కథ. సముద్రపు నీరు లోపలికి వెళ్లిన కెమెరా, ఆరిన తర్వాత ఒకటి రెండు వారాలు పనిచేసినా, చిప్‌ల అడుగున మిగిలిన ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటూ బోర్డును తినేస్తూనే ఉంటుంది. ఇవాళ ఒక మీట బాగుచేయిస్తే రేపు ఇంకొకటి పోతుంది. అలాంటి కెమెరా మీద డబ్బు పెట్టవద్దని నేనే చెబుతాను. ఏ నీరు పడినా ముందు బ్యాటరీ తీసేయాలి, పనిచేస్తోందో లేదో చూద్దామని స్విచ్ వేయకూడదు. ఇంట్లో స్క్రూడ్రైవర్ పట్టుకుని విప్పే సాహసం కూడా వద్దు, ఎందుకంటే ఫ్లాష్ ఉన్న కెమెరాలలోని కెపాసిటర్ అనే భాగం, బ్యాటరీ తీసేశాక కూడా 300 వోల్టుల దాకా విద్యుత్తును నిలిపి ఉంచుకోగలదు.

కొత్త బాడీ, అంటే లెన్స్ కాకుండా మిగిలిన కెమెరా, కొనడం అంటే బాడీతో అయిపోయే ఖర్చు కాదన్నది కూడా చాలామంది ఆలోచించరు. లెన్స్‌ను బాడీకి బిగించే అమరికను మౌంట్ అంటారు. నికాన్ ఎఫ్ మౌంట్ 1959లో, కెనాన్ ఈఎఫ్ మౌంట్ 1987లో వచ్చాయి. ఆ రెండు కంపెనీలూ 2018లో పెద్ద సెన్సర్ ఉన్న (ఫుల్‌ఫ్రేమ్), లోపల అద్దం లేని (మిర్రర్‌లెస్) కెమెరాల కోసం కొత్త మౌంట్‌లు తెచ్చాయి. కాబట్టి పాత డీఎస్ఎల్ఆర్ వదిలి అటు వెళ్లేవారు తమ పాత లెన్స్‌లు కొత్త మౌంట్‌కు అమరేలా అడాప్టర్, చాలాసార్లు వేరే బ్యాటరీలు, వేరే కార్డులు కూడా కొనాలి. చీకట్లో తడుముకోకుండా మీటలన్నీ అందుకునే వేళ్ల అలవాటు మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి.

విడిభాగాల తయారీ ఆగిపోయిన పాత మోడళ్ల విషయంలో మెకానిక్ ఎంత నిపుణుడైనా చేతులెత్తేయక తప్పదు, అది నేను ఒప్పుకుంటాను. అయితే ‘భాగం దొరకదు’ అనడానికీ, ‘గిట్టుబాటు కాదు’ అనడానికీ చాలా తేడా ఉంది. ఏ భాగం పోయింది, దాని ధర ఎంత, కూలి ఎంత, చేసిన పనికి ఎన్ని నెలల గ్యారంటీ అన్నవి కాగితం మీద రాసి ఇమ్మని అడగండి. పోయిన భాగం పేరు కూడా చెప్పలేనివారు కొత్తది కొనమంటే, కెమెరాను సంచిలో పెట్టుకుని మరొకరి దగ్గరికి వెళ్లండి.