ఏడాదిపాటు వస్తానంటేనే ఆ పిల్లల దగ్గరకు రండి

హైదరాబాదులో నిరాశ్రయ పిల్లల వసతి గృహాలకు అన్నం పెట్టేవారి కొరత లేదు. పుట్టినరోజులకు, పెళ్లిరోజులకు, పెద్దల సంవత్సరీకాలకు భోజనాలు, కేకులు, నోటు పుస్తకాలు వస్తూనే ఉంటాయి. శనివారం నాడు కంపెనీల ఉద్యోగులు బస్సులో దిగి, గోడలకు రంగులు వేసి, పిల్లలతో ఫొటోలు దిగి వెళ్తారు. వారి మంచి మనసును నేను శంకించను. కానీ సికింద్రాబాదు వైపు ఒక వసతి గృహానికి కొన్నేళ్లుగా వెళ్తున్న అనుభవంతో చెబుతున్నాను, ఆ పిల్లలకు నిజంగా కరువైంది ప్రతి వారం అదే రోజున, అదే వేళకు వచ్చి, తన ఒక్కడి కోసమే గంటసేపు కూర్చునే పెద్ద దిక్కు.

మన ఇళ్లలో పిల్లవాడు పదో తరగతికి వచ్చేసరికి బాబాయి ఒక మాట, మేనత్త ఒక మాట, పక్కింటివారు ఒక మాట చెబుతారు. ఏ గ్రూపు తీసుకోవాలో, పాలిసెట్ దరఖాస్తు ఎప్పుడు పెట్టాలో, ఐటీఐలో ఏ ట్రేడుకు పని దొరుకుతుందో అడగకుండానే చెవిన పడుతుంది. ఇంత విలువైన సమాచారం మనకు ఊరికే దొరికిందన్న సంగతి కూడా మనకు తట్టదు. మాతో వచ్చే ఒక బ్యాంకు ఉద్యోగి చూసుకుంటున్న కుర్రాడు లెక్కల్లో చురుకైనవాడు, పాలిసెట్‌లో మంచి ర్యాంకే తెచ్చుకున్నాడు. తీరా కౌన్సెలింగ్ సమయానికి, "నాకు చదువు వద్దు సార్, మెకానిక్ షెడ్డులో చేరిపోతా" అని మొండికేశాడు. పదిమంది ముందు మందలించి ఉంటే అంతటితో చదువు ముగిసేది. ఆయన వాడిని పక్కన కూర్చోబెట్టుకొని ఓపికగా కదిపితే అసలు విషయం బయటపడింది. తల్లి ఆధార్‌లో ఉన్న పేరు, బడి రికార్డులో ఉన్న పేరు వేరువేరు. ఆదాయ ధ్రువపత్రానికి వెళ్తే తండ్రి గురించి అడుగుతారని వాడికి భయం, ఎవరికైనా చెప్పాలంటే సిగ్గు. పేరు సరిచేయించి, మీసేవలో పత్రాలు తీయించాక, ఆ కుర్రాడు ఇప్పుడు డిప్లొమా చదువుతున్నాడు. వాడిని నిలబెట్టడానికి కావలసింది గొప్ప ఉపన్యాసం కాదు, వాడి మాట నమ్మి వెంట వెళ్లే మనిషి.

చట్టాలు కొంతవరకే తోడు వస్తాయి. 2009 నాటి విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల వరకే వర్తిస్తుంది. బాలకార్మిక చట్టానికి 2016లో సవరణ జరిగాక కూడా, 14 దాటినవారిని ప్రమాదకరం కాని పనుల్లో పెట్టుకోవడానికి వీలుంది. అందుకే ఎనిమిది, తొమ్మిది తరగతుల దగ్గరే ఎక్కువమంది చేజారిపోతారని నా అభిప్రాయం. జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్ పేరుతో పోలీసులు కార్ఖానాల నుంచి, కూడళ్ల నుంచి పిల్లలను విడిపిస్తారు. విడిపించడం ఒక పూట పని, తిరిగి అక్కడికే వెళ్లకుండా చూడటం ఏళ్ల తరబడి చేయవలసిన పని. శాంతా సిన్హా నాయకత్వంలో 1991లో రంగారెడ్డి జిల్లాలో ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్ పని మొదలుపెట్టినప్పుడు, ఊళ్లలోని యువకులే స్వచ్ఛందంగా ఇల్లిల్లూ తిరిగి పిల్లలను పని నుంచి బడికి మళ్లించారు. కాబట్టి ఇది మనకు తెలియని విద్య కాదు.

ఈ తోడు వల్ల ఫలితం ఉంటుందా అని అడిగేవారికి అమెరికాలో 1904 నుంచి ఒక్కో పిల్లవాడికి ఒక పెద్దవారిని తోడుగా కుదిర్చే పని చేస్తున్న బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్ సంస్థ మీద 1995లో వెలువడిన అధ్యయనం జవాబు చెబుతుంది. 10 నుంచి 16 ఏళ్ల మధ్య వయసున్న 959 మందిని 18 నెలలపాటు గమనించగా, పెద్దల తోడు దొరికినవారిలో మత్తుపదార్థాలు మొదలుపెట్టే అవకాశం 46 శాతం తగ్గింది, బడికి నాగాలు దాదాపు సగానికి పడిపోయాయి. నన్ను మరింత ఆలోచింపజేసింది మాత్రం 2002లో వచ్చిన తదుపరి విశ్లేషణ. ఏడాది, అంతకు మించి కొనసాగిన పిల్లవాడు-పెద్దతోడు జంటల్లోనే ఎక్కువ మేలు కనిపించింది. మూడు నెలల్లోపే విడిపోయిన జంటల్లో పిల్లలకు తమ మీద తమకున్న గౌరవం మునుపటికంటే తగ్గింది. ఒకసారి వదిలివేతకు గురైన పిల్లవాడిని మనం రెండోసారి వదిలేసినట్టవుతుంది కదా!

అందువల్ల వచ్చేవారికి నియమాలు కఠినంగానే ఉండాలి. పోలీసు ధ్రువీకరణ లేనివారిని పిల్లల దగ్గరకు పంపకూడదు. మాట్లాడేది ఏకాంతంలో కాకుండా నలుగురికీ కనబడే చోట జరగాలి. డబ్బు, ఫోన్లు చేతిలో పెట్టకూడదు. ఉద్యోగం మారి ఊరు విడిచి వెళ్లవలసి వస్తే, ముందుగానే పిల్లవాడికి చెప్పి, తర్వాత చూసుకునేవారిని పరిచయం చేసి వెళ్లాలి. సంస్థలు ఈ షరతులు పెడితే కొందరు నొచ్చుకుంటారు, నొచ్చుకోనివ్వండి.

ఏడాదిపాటు రాలేమనుకునేవారు గృహానికి విరాళం ఇవ్వండి, అది కూడా అవసరమే. రాగలిగినవారు జూన్‌లో బడులు తెరిచే సమయానికి దగ్గరలోని గృహానికి వెళ్లి, ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల్లో చూడటానికి ఎవరూ రానివారు ఎవరో వార్డెన్‌ను అడగండి. ముందుగా వారిలో ఒకరి పేరు పక్కన మీ పేరు రాయించుకోండి.