వరస మారితే గంటలూ మారతాయి

మూడు పనులున్నాయి. కొత్తగా చేరిన మనిషికి ఒకటి 2 గంటలు, ఇంకోటి 6, మరోటి 10 గంటలు పడుతుంది. ఏది ముందు చేసినా మొత్తం 18 గంటలే కదా అనుకుని షెడ్యూల్ వేసేస్తారు. చేసేకొద్దీ చెయ్యి తిరుగుతుందని అందరికీ తెలుసు, ఒక్క షెడ్యూల్ షీట్‌కి తప్ప.

1936లో అమెరికన్ విమాన ఇంజనీర్ థియోడర్ పాల్ రైట్ దీన్ని లెక్కలోకి తెచ్చారు. తయారైన విమానాల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ, ఒక్కోదానికి పట్టే సగటు శ్రమ సుమారు 20 శాతం తగ్గుతోందని చూపించారు. చాలా ఏళ్ల తర్వాత, 1999లో, పరిశోధకుడు డిర్క్ బిస్కప్ ఇలాంటి సూత్రాన్నే పనుల వరసకు వర్తింపజేశారు. ఆయన పద్ధతిలో, అదే 20 శాతం లెక్కన, రెండో స్థానంలో చేసిన పనికి అసలు సమయంలో 80 శాతమే పడుతుంది. మూడో స్థానంలో చేసినదానికి దాదాపు 70 శాతం.

ఇప్పుడు మన మూడు పనులు మళ్లీ చూడండి. పెద్దదానితో మొదలుపెట్టి చిన్నదాని దాకా వరసగా చేస్తే మొత్తం 16 గంటల పైచిలుకు. చిన్నదానితో మొదలుపెట్టి పెద్దదాని దాకా చేస్తే 14 గంటల లోపే. మనిషి అదే, పనులు అవే. పెద్ద పనిని చెయ్యి తిరిగాక చేయించడం వల్ల రెండు గంటలకు పైగా మిగిలాయి.

అలాగని దీన్ని గుడ్డిగా పట్టుకోవద్దు. రెండు గంటల పని నేర్పేదీ పది గంటల పని నేర్పేదీ ఒకటేనని ఈ సూత్రం అనుకుంటుంది. అది నాకు మింగుడుపడదు. పనులు ఒకే రకమైతేనే ఒకదాని అనుభవం ఇంకోదానికి పనికొస్తుంది. మధ్యలో నెల గ్యాప్ వస్తే నేర్చినదాంట్లో కొంత పోతుంది. గడువులుంటే ఇంకో చిక్కు. ముందు గడువున్నది ముందు చేస్తే అతి పెద్ద ఆలస్యం వీలైనంత తగ్గుతుందన్న పాత నియమం, వేగం మారుతున్నప్పుడు ప్రతిసారీ నిలబడదు.

నాకు అసలు బాధ పంపకాల దగ్గర. టెన్షన్‌లో ఉన్న మేనేజర్ ప్రతి పనినీ వేగంగా చేసేవాళ్లకే ఇస్తారు. ఆ వారానికి అది సరైన లెక్కే. కానీ పని పడనివాళ్లకి వేగం ఎక్కడినుంచి వస్తుంది? ఆరు నెలల తర్వాత కూడా వాళ్లు నెమ్మదిగానే ఉంటారు, వాళ్లకి పని ఇవ్వకపోవడానికి అదే కారణమవుతుంది. ఎవరి వేగం ఎంతో చూసి షెడ్యూల్ వేశామంటారు గానీ, ఆ తేడాను సగం పెంచింది షెడ్యూలే.

వేగం పెరిగినవాళ్లకి దక్కేదేమిటన్నది కూడా లెక్కలోకి రావాలి. ఆరు గంటల పని నాలుగు గంటల్లో ముగించిన మనిషికి మర్నాడే కొత్త టార్గెట్ నాలుగు గంటలని చెబితే, తర్వాతి పని కూడా నాలుగు గంటల్లోనే అయిపోతుంది. అప్పగించేది మాత్రం ఆరో గంటకి. షీట్‌లో ఆ మనిషి ఏమీ నేర్చుకోనట్టే ఉంటుంది.