మొదటి ఆదివారమే 50 కిలోమీటర్లా?

మా వీధిలో ఒకాయన లక్షకు దగ్గరగా పెట్టి సైకిల్ కొన్నారు. హెల్మెట్, గ్లవ్స్, నల్ల కళ్ళద్దాలు, అన్నీ ఒకేసారి. మొదటి ఆదివారమే 50 కిలోమీటర్లు తొక్కొచ్చి స్టేటస్ పెట్టారు, బుధవారానికల్లా మోకాలు పట్టేసింది, ఇప్పుడేమో "మన ఒంటికి సైక్లింగ్ పడదండీ" అంటున్నారు. పడనిస్తేగా!

అసలీ బండి ఎలా మొదలైందో చూడండి. 1817 జూన్ 12న జర్మనీలోని మన్‌హైమ్‌లో కార్ల్ డ్రైస్ అనే ఆయన, చెక్కతో చేసిన రెండు చక్రాల బండెక్కి, నేలని కాళ్ళతో తన్నుకుంటూ, పోనూ రానూ 14 కిలోమీటర్ల దాకా గంటలోపే తిరిగొచ్చాడు. పెడల్ లేదు, చైన్ లేదు, పైగా 20 కిలోల పైన బరువు. పెడళ్ళ బళ్ళు జనంలోకి వచ్చింది 1860ల్లో, అదీ ముందు చక్రానికి. చైన్‌తో వెనక చక్రాన్ని తిప్పే రోవర్ సైకిల్‌ని ఇంగ్లండ్‌లో స్టార్లీ 1885లో చేశాడు (మన ఊళ్ళలో పాల క్యాన్లు మోసిన నల్ల సైకిల్ దాని వంశమే), 1888లో డన్‌లప్ గాలి టైరు. సైకిలుకే 70 ఏళ్ళు పట్టిందండీ, మీరు కాళ్ళకి ఒక్క ఆదివారం ఇచ్చారు.

దమ్ము పెరగాలంటే ముందు మెల్లగా తొక్కాలి. పక్కవాడితో ఆయాసం లేకుండా కబుర్లు చెప్పగలిగేంత స్పీడు, వారానికి మూడు నాలుగు రోజులు, రెండు మూడు నెలలు. అప్పుడే కండరాల్లో సన్న రక్తనాళాలు పెరుగుతాయి, ఒళ్ళు కొవ్వుని బాగా వాడుకోవడం నేర్చుకుంటుంది. ఫ్లైఓవర్ కనపడగానే పెద్ద గేరేసి రొప్పుకుంటూ ఎక్కితే కండరాల్లో దాచుకున్న గ్లైకోజెన్ అనే ఇంధనం త్వరగా ఖాళీ, మోకాళ్ళకి శిక్ష. సీటు ఎత్తు కూడా చూసుకోరు! పెడల్ కిందికి వచ్చినప్పుడు దాని మీద మడమ ఆనిస్తే కాలు నిటారుగా రావాలి, ఇది చూసుకోవడానికి ఒక్క నిమిషం.

నేనేం పెద్ద పోటుగాణ్ణి కాదు. మొదటి 200 కిలోమీటర్ల బ్రెవేలో (టైములోపు పూర్తి చెయ్యాల్సిన దూరపు సైకిల్ రైడు), 13 గంటల 30 నిమిషాలు టైమున్నా, 140 దగ్గర కళ్ళు తిరిగి టీ కొట్టు బల్ల మీద పడుకున్నా. పొద్దున తిన్న రెండిడ్లీలతో లాగించేద్దామనుకున్నా మరి. ఇప్పుడు ఆకలేసే దాకా ఆగను, అరటిపండు, పల్లీపట్టీ జేబులోనే ఉంటాయి.

మొన్న ఇదంతా మా వీధి ఆయనకి చెప్పి, రేపట్నుంచి 10 కిలోమీటర్లు చాలండీ, నేనూ వస్తా అన్నాను. అంతా విని, "ఇంకా తేలికైన కార్బన్ ఫ్రేమ్ సైకిల్ ఎంత పడుతుందండీ?" అనడిగారు.