కెమెరాకు మన గేదెను నేర్పాలి

రోజూ చూసే కంటికి పశువు చిక్కిపోవడం ఆనదు. మా ఇంట్లో జరిగింది ఇదే. గేదె ఈనింది, రెండు పూటలా పాలిస్తోంది, మేత తింటోంది. ఇంకేం కావాలి అనుకున్నాం. నాలుగు నెలలైనా ఎదకు రాలేదు. చూడటానికి వచ్చిన డాక్టర్ గారు నేరుగా దాని వెనక్కి వెళ్లి, తోక మొదలు పక్కన బొటనవేలు పెట్టి నొక్కారు. వేలు సగం దాకా గుంటలోకి దిగింది. "ఒంట్లో ఉన్నదంతా పాలల్లోకి దింపేసిందమ్మా, ఇక ఎదకేం వస్తుంది?" అన్నారు మా అమ్మతో. పొద్దునా సాయంత్రం దాని పొదుగు దగ్గరే కూర్చునే మనిషి మా అమ్మ. ఆమెకే తెలియలేదు.

డాక్టర్ గారి వేలికి ఒక లెక్క ఉంది. బాడీ కండిషన్ స్కోర్ అంటారు. నడుము, తుంటి ఎముకలు, తోక మొదలు చుట్టూ ఎంత కొవ్వు పట్టిందో చూసి 1 నుంచి 5 దాకా మార్కు వేస్తారు. 1 అంటే ఎముకల గూడు. 5 అంటే తడిమినా ఎముక తగలదు. ఈనిన కొద్ది వారాల్లోనే పాలు పెరిగిపోతాయి, మేత తినడం అంత త్వరగా పెరగదు. ఆ లోటును పశువు తన కొవ్వు కరిగించి పూడుస్తుంది. కొంత తగ్గడం మామూలే. ఒక మార్కు దాకా పడిపోతే మాత్రం ఎద ఆలస్యమవుతుంది, సూది (కృత్రిమ గర్భధారణ) వేయించినా చూడి నిలవడం కష్టమవుతుంది. మరీ ఒళ్లు చేసి ఈనినా ముప్పే, కొవ్వు అతిగా కరగడం వల్ల వచ్చే కీటోసిస్ అనే జబ్బు పట్టుకోవచ్చు.

ఈ పనికి విదేశీ డెయిరీల్లో కెమెరాలు వచ్చి చాలా ఏళ్లయింది. స్వీడన్ కంపెనీ డెలావల్ అమ్మేది దారికి పైన బిగించే త్రీడీ కెమెరా. పాలు పితికాక ఆవు కింద నుంచి నడిచి వెళ్తుంటే, నడుము నుంచి తోక దాకా ఏ గుంట ఎంత లోతుందో కొలిచి మార్కు వేస్తుంది. నాకు ఇందులో నచ్చింది ఒక్క విషయం. ఒకరు 3 వేసిన ఆవుకు ఇంకొకరు రెండున్నర వేయవచ్చు. కెమెరా రోజూ ఒకే కంటితో చూస్తుంది కాబట్టి, దిగజారుడును తొందరగానే పట్టేస్తుంది.

మరి దాన్ని తెచ్చి మన కొట్టంలో పెడితే? పని చేయదు. రెండు గేదెలున్న ఇంటికి ఆ ఖర్చు ఎలాగూ మోయలేనిది. అసలు చిక్కు వేరే ఉంది. ఈ కెమెరాలు ఎక్కువగా హోల్‌స్టీన్ అనే విదేశీ జాతి ఆవులను చూసి నేర్చుకున్నవి. మన గేదె నల్లన, తోలు మందం, ఎముకల కట్టు వేరు. పైగా మధ్య మార్కుల దగ్గర బాగా చెప్పే ఈ పద్ధతులు, మరీ బక్కవాటి దగ్గర, మరీ కొవ్వువాటి దగ్గర తడబడతాయి. నేర్చుకునేటప్పుడు అలాంటి పశువులు వాటికి తక్కువగా కనిపించాయి కనుక. ఎండుగడ్డి తప్ప గతిలేని మే నెలలో మన ఊళ్లలో పశువులు ఎలా ఉంటాయో వేరే చెప్పాలా? కెమెరా తడబడే చోటే మనకు దాని అవసరం.

ఇది మనవాళ్ల చేతుల్లోనే ఉన్న పని. ముర్రా గేదెలకు ప్రత్యేకంగా స్కోర్ పద్ధతిని తయారుచేసి 2010లో ప్రచురించింది తిరుపతిలోని శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలే. గేదెల చెవులకు 12 అంకెల పోగులు వేస్తున్నారు. రైతు చేతిలో ఫోన్ ఉంది. ఆ పోగు నంబరుతో నెలనెలా ఫొటోలు చేర్చి, పశువైద్యులు చేత్తో తడిమి వేసిన మార్కులు పక్కన పెడితే, మన గేదెను గుర్తుపట్టే కన్ను తయారవుతుంది. ప్రభుత్వాలు డబ్బు పెట్టాల్సింది దీనికి. తయారయ్యాక అది రైతుకు ఉచితంగా అందాలి. మార్కుతో పాటు దాణా ఎంత పెంచాలో కూడా తెలుగులో చెప్పాలి. "మీ గేదె 2కు పడిపోయింది" అని మెసేజ్ పంపి ఊరుకుంటే రైతుకు టెన్షన్ తప్ప మిగిలేదేమీ లేదు.

మా తమ్ముడు ఇప్పుడు నెలకోసారి ఒకే చోట నిలబడి, గేదెను వెనక నుంచి ఫొటో తీస్తున్నాడు. ఈసారి ఈనిన రోజు ఫొటో, నెల తర్వాతి ఫొటో పక్కపక్కన పెట్టి అమ్మకు చూపించాడు. రెండో దాంట్లో తోక పక్క నీడ కొంచెం ముదిరింది. అమ్మ ఆ సాయంత్రమే దాణా పెంచింది.