రేంజ్ ఒక్కసారిగా పడిపోతే బ్యాటరీ పోయినట్టు కాదు

కొన్ని నెలలుగా వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతోంది. పాత విద్యుత్ కారు తెర మీద రేంజ్, అంటే ఒకసారి నిండా ఛార్జ్ చేస్తే నడిచే దూరం, ఉన్నట్టుండి తగ్గిందంటే బ్యాటరీ ఆయువు తీరినట్టేనట. అది ఫోను బ్యాటరీ లాంటిదేనట, బాగుచేయడం కుదరదు కాబట్టి లక్షలు పోసి బ్యాటరీ ప్యాక్ మొత్తం మార్చాల్సిందేనట. దీనికంతటికీ ఫాస్ట్ ఛార్జింగే మూలమని, అందుకని వారంటీ ముగియకముందే కారు అమ్మేసుకోవాలని చివర్లో సలహా. ఇది చదివి మా వీధి చివర ఉండే లెక్కల మాస్టారు తన ఐదేళ్ల కారును అయినకాడికి అమ్మడానికి సిద్ధపడ్డారు. "పది రోజులు ఆగండి మాస్టారూ, ముందు పరీక్ష చేద్దాం" అని బతిమాలాను. ఆ కారు ఇప్పటికీ ఆయన దగ్గరే ఉంది. ఇలా ఆపేవాళ్లు లేక నష్టపోయేవాళ్లు ఇంకెందరో ఉంటారన్న బాధతోనే ఇది రాస్తున్నాను.

అసలు మొదటి మాటే తప్పు. లిథియం బ్యాటరీకి వయసు మీద పడటం జుట్టు నెరిసినట్టు ఉంటుంది. ఏడాదికి ఇంత అని నెమ్మదిగా తగ్గుతుందే తప్ప, మొన్న రెండు వందల కిలోమీటర్లు వచ్చిన కారు ఈ వారం నూట అరవై దగ్గర ఆగదు. 2012లో అమెరికాలోని ఫీనిక్స్ ఎండలకు నిస్సాన్ లీఫ్ కార్ల బ్యాటరీలు మామూలుకంటే త్వరగా క్షీణించి పెద్ద గొడవైంది. ఆ కార్లలో ప్యాక్‌ను చల్లబరిచే ద్రవ వ్యవస్థ లేదు. అంత తీవ్రమైన సందర్భంలో కూడా క్షీణత వేసవుల లెక్కన కనిపించిందే గాని రోజుల లెక్కన కాదు. కాబట్టి "ఒక్కసారిగా" అన్న మాట వినగానే వయసును కాదు, ఏదో ఒక లోపాన్ని అనుమానించాలి. లోపమైతే వెతికితే దొరుకుతుంది, చాలాసార్లు బాగవుతుంది కూడా.

తెర మీద తక్కువ చూపిస్తే నిజంగానే తగ్గినట్టు అన్నది రెండో మాట. తెర మీది కిలోమీటర్లు కొలత కాదు, అంచనా. గత కొన్ని ప్రయాణాల్లో కారు ఎంత కరెంటు తిన్నదో చూసి, మిగిలినదాన్ని దానితో భాగించి చెప్పే అంకె అది. నాలుగు రోజులు ఏసీ గట్టిగా వేసి హైవే మీద వందకు పైగా నడిపితే ఐదో రోజు పొద్దున రేంజ్ తగ్గే కనిపిస్తుంది. బ్యాటరీ సామర్థ్యం ఇంత మిగిలిందని చూపే శాతం కూడా తప్పొచ్చు. న్యూజిలాండ్‌లో జరిగినది ఇందుకు మంచి ఉదాహరణ. అక్కడ యజమానుల నుంచి రీడింగులు సేకరించే ఫ్లిప్ ద ఫ్లీట్ అనే బృందం 2018లో ఒక వింత గమనించింది. 30 యూనిట్ల బ్యాటరీ ఉన్న కొత్త లీఫ్‌లు 24 యూనిట్ల పాతవాటికంటే చాలా వేగంగా క్షీణిస్తున్నట్టు కనిపించాయి. తీరా చూస్తే బ్యాటరీలు బాగానే ఉన్నాయి, వాటి సామర్థ్యాన్ని లెక్కగట్టే సాఫ్ట్‌వేరే తప్పు చెబుతోంది. కంపెనీ కొత్త సాఫ్ట్‌వేర్ ఇచ్చాక లెక్క సరిపోయింది. ఈలోగా ఆ అంకె చూసి భయపడి అమ్ముకున్నవాళ్ల నష్టం ఎవరు పూడుస్తారు?

తెరను నమ్మకుండా ఇంట్లోనే చేయగల పరీక్ష ఒకటుంది. కరెంటు బిల్లులో మనం చూసే యూనిట్, బ్యాటరీ కొలిచే కిలోవాట్ అవర్ రెండూ ఒకటే. ఛార్జింగ్ ప్లగ్గుకు ఒక సబ్ మీటరు పెట్టించుకోండి. 30 యూనిట్ల బ్యాటరీని 20 శాతం నుంచి నిండా నింపితే లోపలికి 24 యూనిట్లు వెళ్లాలి. ఛార్జింగ్‌లో వేడిగా పోయేది కలుపుకుంటే మీటరు 27 దరిదాపుల్లో తిరుగుతుంది. ఇప్పటికీ అంతే తిరుగుతోందంటే బ్యాటరీ తన బరువు తాను మోస్తోంది, కరెంటును దారిలో వేరేదేదో తినేస్తోంది. 20 యూనిట్ల దగ్గరే నిండిపోతే అప్పుడు చూపు ప్యాక్ వైపు తిప్పాలి. నాలుగు వందల రూపాయల మీటరు నాలుగు లక్షల భయాన్ని తీర్చగలిగినప్పుడు దాన్ని వాడకపోవడం అన్యాయం.

ఆ తినేసేదాన్ని వెతకడం కష్టమేమీ కాదు. టైర్లలో గాలి, కొత్తగా వేయించిన టైర్లు, అలైన్‌మెంట్ మొదట చూడాలి. తర్వాత బ్రేకులు. విద్యుత్ కారు వేగం తగ్గేటప్పుడు మోటారే చాలావరకు ఆపుతుంది కాబట్టి బ్రేకు ప్యాడ్లకు పని తక్కువ. పని లేని చోట తుప్పు చేరుతుంది, ప్యాడ్లను నొక్కే కాలిపర్ల పిన్నులు బిగుసుకుపోతాయి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇది మరీ ఎక్కువ. ఇరవై కిలోమీటర్లు నడిపి ఆగాక ప్రతి చక్రం దగ్గరా చెయ్యి పెట్టి చూడండి, తాకకుండా. మూడు గోరువెచ్చగా ఉండి ఒకటి సెగలు కక్కుతుంటే బ్రేకు పట్టేస్తోందన్నమాట. దానికి బ్యాటరీ మార్చనక్కర్లేదు, మెకానిక్ ఒక పూట పని చేస్తే చాలు.

ఇక ప్యాక్ మొత్తం మార్చాల్సిందేనన్న మాట. నాకు ఎక్కువ కోపం తెప్పించేది ఇదే, ఎందుకంటే జనం చేత డబ్బు పోగొట్టేది ఇదే. ప్యాక్ అంటే ఒకే ముద్ద కాదు. 24 యూనిట్ల లీఫ్‌లో 48 మాడ్యూళ్లలో (చిన్న పెట్టెల్లో) 192 సెల్లులు ఉంటాయి. రెండేసి సెల్లులు జంటగా, అలాంటి 96 జంటలు వరసగా కలిపి ఉంటాయి. వరసలో ఏ ఒక్క జంట అడుగంటినా కారు అక్కడితో ఆగాలి, మిగిలిన 95 జంటల్లో ఎంత మిగిలి ఉన్నా సరే. గొలుసులో ఒక కొక్కెం సాగితే గొలుసంతా పారేస్తామా? ఆ కార్లలో చెడిన మాడ్యూల్ ఒక్కటే తీసి వేరేది వేయడం చాలా దేశాల్లో మామూలు పని.

మాస్టారి కారులో జరిగింది కూడా ఇలాంటిదే. ఆయనది ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రసాయనంతో పనిచేసే బ్యాటరీ. ఈ రకంలో 30 శాతం నుంచి 80 శాతం దాకా సెల్లు వోల్టేజీలో పదో వంతు వోల్టు తేడా కూడా ఉండదు. అందుకని వోల్టేజీ చూసి ఎంత మిగిలిందో చెప్పలేక, వచ్చిపోయే కరెంటును కూడుతూ తీసేస్తూ కారు లెక్క నడుపుకుంటుంది. అప్పుడప్పుడు నిండా ఛార్జింగ్ పడితే తప్ప ఆ లెక్క సరిపడదు. టెస్లా కూడా ఎల్ఎఫ్‌పీ కార్లను కనీసం వారానికోసారి 100 శాతం నింపమనే చెబుతుంది. మాస్టారు జాగ్రత్త కొద్దీ రెండేళ్లుగా 80 దాటనివ్వలేదు. ఆ మధ్య ఒక పెళ్లికి వెళ్లి వస్తుంటే 18 శాతం దగ్గర కారు శక్తి తగ్గించేసింది, తెర మీద అంకె ఒక్కసారిగా 4కు దిగింది. మర్నాటి నుంచి రేంజ్ రెండు వందల నుంచి నూట అరవై అయిదుకు పడింది.

ఒక ఆదివారం పొద్దున స్టీరింగ్ కింది సాకెట్‌కు కారు లోపలి రీడింగులు చదివే ఓబీడీ పరికరం పెట్టి ఫోనులో సెల్లుల వోల్టేజీలు తెరిచాం. బ్యాటరీ అడుగున ఉన్నప్పుడు అన్నీ 3.20 వోల్టుల దగ్గర వరసగా నిలబడ్డాయి, నలభై ఏడోది మాత్రం 3.04. మాస్టారి ముఖం వాడిపోయింది. కానీ అడుగున చూసిన అంకె సగం కథే. స్లో ఛార్జింగ్‌లో నిండా నింపి, చివరి పావుగంట మళ్లీ చూశాం. అసలు రహస్యం ఇక్కడ తెలుస్తుంది. ఆ సెల్లు సామర్థ్యమే తగ్గిపోయి ఉంటే చిన్న చెంబులా అందరికంటే ముందు ఖాళీ అవుతుంది, అందరికంటే ముందు నిండుతుంది కూడా. నలభై ఏడోది అలా నిండలేదు, పైన కూడా వెనకబడే ఉంది. అంటే సెల్లు చెడలేదు, మిగిలినవాటితో సమానంగా నిండడం లేదంతే. సెల్లులను సమం చేసే పని ఆ కారు నిండా ఛార్జింగ్ పడినప్పుడే చేస్తుంది, ఆ అవకాశం దానికి రెండేళ్లుగా దక్కలేదు. సెల్లుల మధ్య ఎడం నెలల తరబడి కొద్దికొద్దిగా పెరిగింది, అడుగంటిన రోజున ఒక్కసారిగా బయటపడింది. వారానికి రెండుసార్లు రాత్రంతా ప్లగ్గు తీయకుండా వదిలేశారు. రెండు నెలలకు నూట తొంభై దాటింది. ఆ మిగిలిన కాస్త తగ్గుదల ఐదేళ్ల వయసుది, దాన్ని కాదనను.

ఆ సెల్లు చిన్న చెంబులా ప్రవర్తించి ఉంటే సర్వీస్ సెంటరే గతి. ఒక్క మాట బతిమాలి చెబుతున్నాను, ప్యాక్ మూత మాత్రం ఎవరూ సొంతంగా విప్పవద్దు. నారింజ రంగు తీగల్లో మూడు వందల వోల్టులకు పైగా డీసీ ఉంటుంది, పట్టుకుంటే ప్రాణం పోతుంది. వీధిలో ఎంత మంచి ఎలక్ట్రీషియన్ ఉన్నా సరే.

ఫాస్ట్ ఛార్జింగ్ సంగతి తక్కువలో చెప్పవచ్చు. అమెరికాలోని ఐడహో నేషనల్ లేబొరేటరీ 2012 మోడల్ లీఫ్‌లు నాలుగింటిని ఫీనిక్స్‌లో 50,000 మైళ్లు నడిపింది. రెండింటికి ఫాస్ట్ ఛార్జింగ్, రెండింటికి మామూలు ఛార్జింగ్. నాలుగూ బ్యాటరీ సామర్థ్యంలో 20 శాతానికి మించి కోల్పోయాయి, రెండు జతల మధ్య తేడా మాత్రం స్వల్పం. అసలు శత్రువు వేడి. రామగుండం, రెంటచింతల ఎండలో నిండా ఛార్జ్ చేసిన కారును రోజంతా నిలబెట్టడం గురించి ఆ సందేశం హెచ్చరించి ఉంటే నేనే పదిమందికి పంపేవాణ్ణి.

వారంటీ ముగిసేలోపు అమ్మేయమన్న సలహా పూర్తిగా తలకిందులు. మన దగ్గర చాలా కార్లకు బ్యాటరీ వారంటీ 8 ఏళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్లు. లోపం ఉంటే ఉచితంగా బాగుచేయించుకోగల హక్కును చేతులారా వదులుకుని, ఆ లోపం పేరు చెప్పి ధర తగ్గించుకోమంటోంది ఆ సందేశం. సామర్థ్యం ఎంత శాతానికి పడితే వారంటీ వర్తిస్తుందో మీ కారు పుస్తకంలో చూడండి. సర్వీస్ సెంటరుకు వెళ్లినప్పుడు "రేంజ్ తగ్గింది" అని నోటిమాటగా చెప్పి ఊరుకోవద్దు. మీటరు యూనిట్లు, తేదీ, కిలోమీటరు రీడింగు రాసిన కాగితం ఇచ్చి, జాబ్ కార్డులో ఆ ఫిర్యాదు అలాగే ఎక్కించమనండి. బ్యాటరీ ఆరోగ్య శాతం, సెల్లుల గరిష్ఠ కనిష్ఠ వోల్టేజీలు ఉన్న ప్రింటు అడిగి తీసుకోండి. ఇవ్వం అంటే, ఇవ్వం అన్న మాటనే రాసి ఇమ్మనండి.